పక్కింటి కుక్కకు కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్ చేయించమని మనసు నొప్పించకుండా ఎలా చెప్పాలి?

మెట్టుగడ్డ నివాసి, మహబూబ్‌నగర్ (ప్రశ్న):

మా ఇంటికి ఎడమవైపు అరవై ఎనిమిదేళ్ల పెద్దమ్మ ఒంటరిగా ఉంటారు. పెద్దాయన పోయాక, కొడుకులిద్దరూ హైదరాబాద్‌లో స్థిరపడ్డాక ఆమెకు తోడుగా మిగిలింది మల్లి అనే ఆడకుక్క ఒక్కటే. అది నాటు కుక్కే అయినా, పొద్దున్నే జొన్నరొట్టెను పాలలో నానబెట్టి, వేలితో వేడి చూసి మరీ పెడతారంటే ఆమె దాన్ని ఎంత ప్రేమగా సాకుతున్నారో మీరు ఊహించుకోవచ్చు. మల్లికి మూడేళ్లు దాటాయి. ఇప్పటికి నాలుగు ఈతలయ్యాయి. మొదటి ఈతలో ఐదు పుడితే మూడు బండ్ల కింద పడి పోయాయి. రెండో ఈత పిల్లలను ఆమె మనుమడు సంచిలో వేసుకొని మార్కెట్ వెనుక వదిలి వచ్చాడు. ఆ రాత్రంతా మల్లి గేటు దగ్గర ఏడుస్తూనే ఉంది. పెద్దమ్మ కూడా నిద్రపోలేదని మరునాడు ఆమె కళ్లు చూస్తే తెలిసింది. ఇప్పుడు మెట్ల కింద పాత గోనెసంచి మీద ఆరు పిల్లలున్నాయి, వాటికి నేటికి ముప్ఫై ఐదు రోజులు.

కుడివైపు ఇంట్లో ఒక విశ్రాంత ఉద్యోగి ఉంటారు, కాలనీలో అందరూ ఆయనను సారు అనే పిలుస్తారు. ఆయన లాబ్రడార్ మగకుక్కను రాత్రి పది దాటాక "కాసేపు తిరిగొస్తుంది" అని గేటు తీసి వదిలేస్తారు. ఈసారి పుట్టిన ఆరింటిలో రెండు దాని రంగులోనే ఉన్నాయని కాలనీలో అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

నెల క్రితం నేను ధైర్యం చేసి, "పెద్దమ్మా, మల్లికి ఆపరేషన్ చేయిస్తే దానికీ మీకూ సుఖం కదా" అన్నాను. "కడుపుకోత దానికెందుకు పెడతవు బిడ్డా, నీకేం అడ్డమొచ్చింది?" అని ఆమె లోపలికి వెళ్లిపోయారు. ఏటా మా ఇంటికి చిన్న జాడీలో వచ్చే చింతకాయ తొక్కు ఈసారి రాలేదు. సారుతో అసలు మాటే ఎత్తలేదు. పన్నెండేళ్ల ఇరుగుపొరుగు సంబంధం చెడకుండా, వారిని తప్పుపట్టినట్టు కాకుండా ఈ విషయం ఎలా చెప్పాలో అనుభవమున్నవారు చెప్పగలరు.

విశ్రాంత పశువైద్య సహాయకుడు, నల్లగొండ:

నేను పశువైద్యశాలల్లో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి పదవీ విరమణ పొందాను. డాక్టరును కాను కాబట్టి వైద్యం విషయంలో చివరి మాట మీ ఊరి డాక్టరుదే అని ముందే మనవి చేస్తున్నాను.

మొదట గడువు సంగతి చెప్పాలి, ఎందుకంటే ఎంత నేర్పుగా చెప్పిన మాటైనా సమయం మించితే పనికిరాదు. ఆడకుక్క సాధారణంగా ఆరేడు నెలలకోసారి ఎదకు వస్తుంది, కడుపుతో ఉండేది సుమారు 63 రోజులు. పిల్లలకు ముప్ఫై ఐదు రోజులంటే మల్లి జతకట్టి ఇప్పటికి మూడు నెలలు దాటిందన్నమాట, మళ్లీ ఎద రావడానికి ఇంకో మూడు నాలుగు నెలలే ఉంది. అందులో పిల్లలకు పాలు మాన్పించి, తల్లికి పాలు ఇంకిపోవడానికి కొన్ని వారాలు పోతాయి. ఎదలో ఉన్నప్పుడు గర్భాశయానికి రక్తం ఎక్కువగా పారుతుంది గనుక అప్పుడు కోయడానికి డాక్టర్లు వెనుకాడతారు. కాబట్టి మీకు మిగిలిన మంచి సమయం రెండు నెలలకు కాస్త ఎక్కువ, అంతే.

ఇక మాట సంగతి. మీ పెద్దమ్మ వాడిన "కడుపుకోత" అనే మాటను వాదనగా తీసుకోకండి. ఆ వయసు ఆడవారికి ఆపరేషన్ అనగానే కుక్క గుర్తుకు రాదు. ఏ బడి గదిలోనో పెట్టిన కుటుంబ నియంత్రణ క్యాంపు, వరుసగా వేసిన బల్లలు, ఇంటికి వచ్చాక మానని కుట్లు గుర్తుకు వస్తాయి. మా ఊళ్లలో ఆవిడ వయసువారు కుక్కను ఆస్పత్రికి తెచ్చి, "నాకు చేసినట్టే చేస్తరా?" అని అడగడం నేను ఒకటికి పదిసార్లు విన్నాను. మీరు లాభాలు చెప్పే ముందు ఆమె భయం ఏమిటో అడిగి, మధ్యలో అడ్డుపడకుండా వినండి. కుక్కకు పూర్తిగా మత్తిచ్చి చేస్తారని, ముందురోజు రాత్రి నుంచి మేత పెట్టకూడదని, చాలాసార్లు సాయంత్రానికే ఇంటికి తెచ్చుకోవచ్చని, కుట్లు పది పన్నెండు రోజుల్లో తీస్తారని, అంతవరకు నాకకుండా మెడకు గరాటులాంటి ప్లాస్టిక్ పట్టీ వేసి నీళ్లు తగలనివ్వకూడదని ఆమె అడిగినప్పుడు చెప్పండి. ఆ పది రోజులు మెట్ల కింద కాకుండా మీ ఇంటి వరండాలో ఉంచుతానని మీరు మాట ఇస్తే, పది ఉపన్యాసాలకన్నా అది ఎక్కువ పనిచేస్తుంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఆపరేషన్ వద్దంటే "ఎద రాకుండా ఇంజెక్షన్ వేయించండి" అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఆ హార్మోన్ ఇంజెక్షన్లు పదేపదే వేయిస్తే గర్భాశయంలో చీము పట్టే ముప్పు, పొదుగు గడ్డల ముప్పు పెరుగుతాయి. చవక అని, సులువని అటు పోకండి.

సారుగారి విషయం వేరు. మగకుక్కకు చేసేది చిన్న ఆపరేషన్, త్వరగా మానుతుంది. ఆయన అభ్యంతరం ఖర్చు కాదు, "కావలి కాయదు" అనో, "మగతనం తీసేయడం పాపం" అనో అయి ఉంటుంది. మన పాలమూరు, నల్లగొండ రైతు ఇళ్లలో పుట్టినవారికి విత్తులు కొట్టించని కోడెతో దుక్కి దున్నడం ఎంత కష్టమో తెలుసు. కురుమూర్తి జాతరకు బండి కట్టుకొని పోయిన ఎడ్లను చూసి ఎవరూ అయ్యో పాపం అనలేదు, అవి బలహీనపడ్డాయనీ అనలేదు. కొత్తవారిని చూసి మొరగడం కుక్క తన ఇల్లు అనుకునే అలవాటుతో వస్తుంది, ఆపరేషన్‌తో పోదు. వాసన పట్టుకొని నాలుగు వీధులు తిరగడం, ఇతర మగకుక్కలతో కొట్లాడడం మాత్రం తగ్గుతాయి. ఆ తరువాత అదే మోతాదులో మేత పెడితే లావెక్కుతుంది కాబట్టి కాస్త తగ్గించాలి. ఆపరేషన్ అయిన రోజునుంచే నిశ్చింత అనుకోకూడదు, ఒక నెల వరకు దానికి పిల్లలు పుట్టించే శక్తి మిగిలే ఉంటుంది.

గృహిణి, మిర్యాలగూడ:

పై సలహాలో ఒక్క మాట చేరుస్తాను. నేను మా పక్కవారికి ఏ సలహా ఇవ్వలేదు, మా రాణి ఎలా పోయిందో మాత్రమే చెప్పాను.

రాణి మా ఇంట్లో తొమ్మిదేళ్లు పెరిగింది. ఒక్కసారి కూడా పిల్లలు పెట్టలేదు, ఇంటి కాంపౌండు దాటనిచ్చేవాళ్లం కాదు కనుక ఆపరేషన్ అవసరం లేదనుకున్నాం. తొమ్మిదో ఏట ఎద అయిపోయిన నెలకు అది గిన్నెడు నీళ్లు తాగి మళ్లీ గిన్నె వైపు చూడడం మొదలుపెట్టింది. వేసవి కదా అనుకున్నాను. రెండు రోజులకు అన్నం మానేసింది, తోక కింద జిగటగా కారుతున్నదాన్ని చూసి ఎద మళ్లీ వచ్చిందేమో అనుకున్నాను. అప్పటికే గర్భాశయం నిండా చీము పట్టింది. డాక్టరు గారు దాన్ని పయోమెట్రా అన్నారు, వెంటనే గర్భాశయం తీయాలన్నారు, తీశారు కూడా, కానీ విషం అప్పటికే ఒళ్లంతా పాకింది. డాక్టరు గారిది ఏ తప్పూ లేదు, ఆలస్యం నాదే. చిన్న వయసులో నిదానంగా చేయించి ఉంటే అది ఒక మామూలు ఆపరేషన్, ముదిరాక చేసింది ప్రాణాల మీది ఆపరేషన్.

ఈ సంగతి మా పక్కింటి అక్కకు ఒక సాయంత్రం పూలు కట్టుకుంటూ చెప్పాను, ఆమె కుక్క ఊసే ఎత్తలేదు. నాలుగో రోజు ఆమే వచ్చి, "మీరు ఏ డాక్టరు దగ్గరికి పోయిన్రు?" అని అడిగింది. మీకు చెప్పడానికి సొంత అనుభవం లేకపోతే నాది వాడుకోండి, "మిర్యాలగూడలో ఒకామె కుక్క" అని చెప్పండి, నాకేమీ అభ్యంతరం లేదు.

నాగర్‌కర్నూల్ పాఠకుడు:

ఇంత మెత్తగా మాట్లాడుకుంటూ కూర్చుంటే ఇంకో రెండు ఈతలు అవుతాయి. మార్కెట్ వెనుక వదిలిన పిల్లలే రేపు వీధికుక్కలు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లవాడిని వీధికుక్కలు చంపిన సంగతి మనమందరం చూశాం. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో మీ మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకుల మండలం పొన్నకల్‌లో ఇరవై వరకు కుక్కలను తుపాకీతో కాల్చి చంపారు. ఒకవైపు మనుషుల పిల్లలు, మరోవైపు నోరులేని జీవాలు ఇలా పోతుంటే, పెద్దమ్మ నొచ్చుకుంటారని మాట నమలడం నాకు సరిగా తోచడం లేదు. పురపాలక కార్యాలయానికి ఫిర్యాదు చేయండి, కాలనీ వాట్సాప్ బృందంలో పెట్టండి. నలుగురిలో మాట పడితే వాళ్లే దారికి వస్తారు.

విశ్రాంత పశువైద్య సహాయకుడు, నల్లగొండ:

మీ ఆవేదన న్యాయమైనదే, దారి మాత్రం మనం అనుకున్న చోటికి చేర్చదు. 2023లో కేంద్రం తెచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధికుక్కలకు ఆపరేషన్, టీకా చేయించే బాధ్యత స్థానిక సంస్థలది; పెంపుడు కుక్కలకు చేయించే బాధ్యత యజమానిది. పురపాలకవారు వచ్చి "ఇది ఎవరిది?" అని అడిగితే ఆ పెద్దమ్మ భయపడి ఏమంటారో ఆలోచించండి. "మాది కాదు, వీధిది" అంటారు. ఇంతకాలం పాలలో రొట్టె తిన్న కుక్క ఆ ఒక్క మాటతో వీధికుక్క అవుతుంది. వాట్సాప్‌లో పేరు పెట్టకుండా, అందరికీ అర్థమయ్యేలా రాసిన సందేశం అంతకన్నా చెడ్డది. మా వీధిలో అలా రాసినందుకు ఒకాయన తన కుక్కను మే నెలలో మిద్దె మీద కట్టేసి అరుపులు వినపడకుండా చేశాడు తప్ప ఆస్పత్రికి తీసుకుపోలేదు.

ఫిర్యాదు పనికొచ్చే చోటు కూడా ఉంది. మార్కెట్ వెనుక ఇప్పటికే పెరిగిన కుక్కల గురించి కాలనీ సంఘం తరఫున పురపాలకానికి రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి. ఆపరేషన్ అయిన వీధికుక్కకు గుర్తుగా చెవి కొసను కొంచెం కత్తిరిస్తారు, ఆ గుర్తు లేనివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి అర్జీలో రాస్తే వారికి కూడా పని సులువవుతుంది. పట్టుకుపోయి ఎక్కడో దూరంగా వదలండి అని మాత్రం రాయకండి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు కూడా, రేబిస్ సోకినవి లేదా ఉగ్రంగా ప్రవర్తించేవి తప్ప మిగతా వీధికుక్కలను ఆపరేషన్, టీకా అయ్యాక పట్టుకున్న చోటే వదలాలని చెప్పింది. ఖాళీ అయిన వీధిలోకి పక్క వీధి కుక్కలు వచ్చి చేరతాయన్నది ఆ పద్ధతి వెనుక ఉన్న ఇంగితం.

వనపర్తి నుంచి ఒక పాఠకురాలు:

అందరూ కుక్కల గురించే రాశారు, మా వీధిలో తంటా పిల్లులతో. మా ఎదురింటివారు పల్లికాయ వ్యాపారులు, ఎలుకల కోసం రెండు పిల్లులను పెట్టుకుంటే ఏడాదిన్నరలో అవి పదకొండయ్యాయి. ఆడపిల్లి నాలుగైదు నెలల వయసుకే ఎదకు రాగలదు, రెండు నెలలకు ఈనుతుంది, పిల్లలు పాలు తాగుతుండగానే మళ్లీ కడుపు నిలవవచ్చు. "ఆపరేషన్ చేస్తే ఎలుకను ముట్టదు, బస్తాలు ఎవరు కాయాలి?" అన్నది వారి భయం. ఎలుకను పట్టడం పిల్లి తల్లి దగ్గర నేర్చుకున్న విద్య, దానికీ గర్భాశయానికీ సంబంధం లేదని నేను చెబితే నమ్మలేదు. నేను వాదించలేదు, "ముందు ఒక్కదానికి చేయించి చూద్దాం, ఎలుకలు పెరిగితే మిగతావి వదిలేద్దాం" అన్నాను. వ్యాపారులకు నమూనా చూసి సరుకు కొనడం అలవాటే కదా, ఒప్పుకున్నారు.

అసలు కష్టం మాట దగ్గర కాదు, మోత దగ్గర వచ్చింది. పిల్లిని చేతుల్లో పట్టుకొని ఆటో ఎక్కితే మొదటి మూలమలుపులోనే గోళ్లతో నా భుజం చీరి దూకేసింది. రెండోసారి రెండు టమాటా ట్రేలు తీసుకొని, ఒకదానిలో పాత తువాలు పరిచి, పిల్లిని కూర్చోబెట్టి, రెండోదాన్ని బోర్లించి నాలుగు మూలలా సుతిలితో కట్టాను. పైన ఇంకో తువాలు కప్పగానే చీకట్లో అది అరవడం మానేసింది. ఆస్పత్రిలో అందరూ ఆ ట్రేలను చూసి నవ్వారు, ఇప్పుడు మా వీధిలో అవే ట్రేలు ఇంటింటికీ తిరుగుతున్నాయి. మీ పెద్దమ్మ వద్దనడానికి కూడా ఇలాంటి కారణమే ఉండవచ్చు. అరవై ఎనిమిదేళ్ల మనిషి పదిహేను కిలోల కుక్కను ఆస్పత్రికి ఎలా తీసుకుపోవాలి? ఆటోవాళ్లు కుక్కను ఎక్కించుకోరు. ఆ మాట ఎవరికీ చెప్పుకోలేక "కడుపుకోత" అని ఉంటారు.

విశ్రాంత పశువైద్య సహాయకుడు, నల్లగొండ:

వనపర్తి అమ్మగారు చెప్పింది నిజం. నేను మరచిన మరో దారి కూడా రాస్తాను. మొదటిసారే ఆపరేషన్ కోసం కాకుండా, రేబిస్ టీకా కోసం తీసుకుపోండి. ఏటా జూలై 6న జునోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల దినం) సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తారు. 1885లో అదే తేదీన పాశ్చర్ కుక్క కరిచిన పిల్లవాడికి తొలిసారి రేబిస్ టీకా వేశాడు కనుక ఆ రోజును ఎంచుకున్నారు. ఆ తేదీ దూరంగా ఉంటే మామూలు రోజున పోయినా నష్టం లేదు. టీకాకు ఎవరూ కాదనరు. అక్కడ డాక్టరు మల్లిని పట్టుకొని చూసి, తూకం వేసి, "అమ్మా, ఇది నీరసంగా ఉంది, ఇంకో ఈతకు తట్టుకోదు" అంటే ఆ మాట మీరు చెప్పినదానికన్నా వేరుగా వినిపిస్తుంది. "ఒక్కసారైనా తల్లి కావాలి" అని వాదించేవారికి కూడా డాక్టరే జవాబు చెబుతారు, అలాంటి అవసరం కుక్క ఒంటికి లేదు. మల్లికి ఎలాగూ నాలుగు కాన్పులు అయ్యాయి కదా.

మెట్టుగడ్డ నివాసి, మహబూబ్‌నగర్:

అందరికీ నమస్కారం. మూడు వారాల తరువాత రాస్తున్నాను.

మీరు చెప్పినట్టే నేను ఆపరేషన్ మాట ఎత్తకుండా, పిల్లలకు పాలు మాన్పించే వంకతో రోజూ సాయంత్రం పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. ఆరో రోజో ఏడో రోజో, పిల్లలకు రాగి జావ పోస్తుండగా, "మీకు ఆపరేషన్ అంటే ఎందుకంత భయం పెద్దమ్మా?" అని అడిగాను. నల్లగొండ వారు ఊహించింది ఇంచుమించు అక్షరాలా నిజమైంది. రెండో కొడుకు పుట్టిన ఏడాది ఆమెకు ఊరి బడిలో పెట్టిన క్యాంపులో ఆపరేషన్ చేశారట. ఎడ్లబండిలో గడ్డి పరిచి ఇంటికి తెచ్చారట, బండి గుంతలో పడ్డప్పుడల్లా కుట్లు పట్టుకొని ఏడ్చారట, నెల రోజులు చీము కారిందట. "నేనంటే నోరున్నదాన్ని, నొస్తుందని చెప్పిన. ఇదెట్ల చెప్తది?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. కాసేపయ్యాక మిర్యాలగూడ అక్కగారి రాణి సంగతి చెప్పాను. నీళ్ల గిన్నె మాట దగ్గర ఆమె మల్లి గిన్నె వైపు చూశారు.

పోయిన సోమవారం టీకాకు వెళ్లాం. మా మరిది కారు వెనుక సీటులో పాత దుప్పటి పరిచి, మల్లి తల పెద్దమ్మ ఒడిలో పెట్టుకొని కూర్చున్నారు. డాక్టరు గారు తూకం వేసి పద్నాలుగు కిలోలన్నారు, పక్కటెముకలు వేలితో లెక్కపెట్టి ఆమెకు చూపించారు. పాలు పూర్తిగా ఇంకాక, వచ్చే నెల రెండో వారంలో ఆపరేషన్‌కు రమ్మన్నారు. పెద్దమ్మ సరే అనలేదు, వద్దు అని కూడా అనలేదు. తిరుగుదారిలో, "కుట్లు ఇప్పేదాకా నేను మీ వరండాలోనే పండుకుంట, మంచమేస్తవా?" అని మాత్రం అడిగారు.

పిల్లలలో రెండింటిని మా బడి ఆయా, ఒకదాన్ని దేవరకద్రలో మా చిన్నాన్న పొలం కాపలాకు తీసుకున్నారు. తీసుకునేటప్పుడే ఆరు నెలలు నిండగానే ఆపరేషన్ చేయిస్తామని మాట తీసుకున్నాను. ఇంకా మూడున్నాయి.

సారు సంగతి ఇంకా తేలలేదు. కోడెల పోలిక చెప్పాను, నవ్వి ఊరుకున్నారు. అయితే మొన్న రాత్రి పదింటికి గేటు చప్పుడు విని కిటికీలోంచి చూస్తే, ఆయన లుంగీ మీదే కుక్కకు గొలుసు వేసుకొని తానే వీధి చివరిదాకా నడిపించుకొస్తున్నారు.